మధ్యరకం ఓవెన్

సర్క్యులర్లు రాసేవాళ్లుంటారు, టైపు కొట్టేవాళ్లుంటారు, నోటీసు బోర్డుకి గుచ్చేవాళ్లుంటారు, అడుగున 'చూశాను' అని సంతకం పెట్టేవాళ్లుంటారు. చదివేవాళ్లు మాత్రం ఉండరు. కాకినాడ మొత్తం మీద చదివేవాడు ఒక్కడే ఉన్నాడు. అతని పేరు ముక్కామల విశ్వేశ్వరం. వినియోగరహిత వస్తు సంరక్షణ శాఖలో సీనియర్ అసిస్టెంటు.

ఆ శాఖ చేసే పని చాలా గొప్పది. ఎవరికీ పనికిరాని ప్రభుత్వ వస్తువుల్ని ఎవరూ వాడకుండా కాపాడుతుంది. కాళ్లు విరిగిన బల్లలు, ఆగిపోయిన గడియారాలు, ఎత్తేసిన శాఖల రబ్బరు స్టాంపులు, సిరా ఎండిపోయిన బుడ్లు, అన్నీ ఆఫీసున్న పాత డాబాలోనే వరసగా పేర్చి, వాటి మీద ధూళి చెదరకుండా ఆరుగురు ఉద్యోగులు కాపలా కాస్తుంటారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో విశ్వేశ్వరం ఒక్క స్టాంపు కూడా పోనివ్వలేదు.

ఆ ఏడాది వేసవిలో ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో ఇలా ఉంది: 'ఉద్యోగి తన ఇంటి వాడుకకు అయిదు వేల రూపాయలకు మించిన ఏ వస్తువు కొనదలచినను ముందస్తు అనుమతి పొందవలెను. కారుచౌక వస్తువు కొనుట నాణ్యత యెడల నిర్లక్ష్యమును, ఖరీదైన వస్తువు కొనుట ఆదాయము యెడల అనుమానమును సూచించును గనుక, ఉద్యోగులు మధ్యస్థ ధర వస్తువులనే ఎంచుకొనవలెను.'

అందరూ సంతకాలు పెట్టారు. పెట్టి, సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఏసీలూ ఫ్రిజ్‌లూ బేరమాడుకున్నారు. విశ్వేశ్వరం మాత్రం రెండుసార్లు చదివి, నోటుబుక్కులో ఎక్కించుకుని, అప్పుడు సంతకం పెట్టాడు. అతని కష్టాలన్నిటికీ మొదలు అక్కడుంది.

ఇక ఓవెన్ సంగతి. విశ్వేశ్వరం తల్లి సీతారత్నమ్మగారికి ఎనభై ఒకటో ఏడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ బయటి మెతుకు ముట్టలేదు. పెళ్లిళ్లకి వెళ్లినా రెండు అరటిపళ్లు తిని, మజ్జిగ ఇంటికొచ్చే తాగుతుంది. అలాంటి మనిషి రెండేళ్ల కిందట తిరుపతి నుంచి రైల్లో వస్తుంటే ఎదుటి సీటు వాళ్లు ఓ అట్టపెట్టె తెరిచారు. ఆ వాసన ఆవిడ ముక్కులో దూరి అక్కడే కాపరం పెట్టేసింది.

"ఏవిట్రా అదీ?" అని అడిగింది కొడుకుని.

"పిజ్జా అంటారమ్మా. రొట్టె లాంటిది."

"రొట్టె ఇలా వాసనేస్తుందా?" అని సామర్లకోట దాకా ఆ పెట్టె వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చిన మర్నాడు కోడలు కనకవల్లిని పిలిచి మనసులో మాట చెప్పేసింది. కాశీ చూసింది, మునిమనవణ్ణి ఎత్తుకుంది, ఇక ఈ లోకంలో మిగిలిందల్లా పిజ్జా ఒక్కటే. బయటిది ససేమిరా తినదు. ఇంట్లో, మడి కట్టుకుని, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా చేసి పెడితే తింటుంది.

కనకవల్లి ఏదైనా పట్టుకుంటే వదిలే రకం కాదు. పెనం మీద చేసింది. అడుగు మాడింది, పైన చీజ్ కరగలేదు. మూత పెట్టింది. మూతకి చెమట పట్టి రొట్టంతా తడిసి ముద్దయింది. కుక్కర్లో ఇసక పోసి కాల్చింది. ఇసక వాసనొచ్చింది. ప్రతిసారీ అత్తగారు ఓ ముక్క నోట్లో వేసుకుని, "బాగానే ఉందే. కానీ రైలు వాసన కాదు" అనేది.

చివరికి కనకవల్లి రెండు నెలలు ఓవెన్ల గురించి వాకబు చేసి, మొగుణ్ణి వెంటబెట్టుకుని మెయిన్ రోడ్డులో కొట్టుకెళ్లింది. కొట్టతను మూడు రకాలు చూపించాడు. చౌకది మూడు వేలు. లోపల రేకు పళ్లెం, వేడి ఒక పక్కనే కొడుతుంది. ఖరీదైంది నలభై వేలు. కట్టెలు పెట్టి మండించాలి, తోటలూ దొడ్లూ ఉన్నవాళ్ల సరదా. మధ్యది తొమ్మిది వేలు. అడుగున రాతి పలక, పైనా కిందా కాయిల్స్, నాలుగు వందల డిగ్రీల వేడి.

"ఆరు నిమిషాలమ్మా. అడుగు కరకరలాడుతుంది, పైన నురగొస్తుంది. ఇంటికి ఇంతకన్నా అక్కర్లేదండి" అన్నాడు కొట్టతను.

కనకవల్లి రాతి పలక మీద వేలి కణుపుతో కొట్టి చూసింది. ఖంగుమంది. చీరలకి ఫాల్స్ కుట్టి దాచుకున్న డబ్బు సంచిలోంచి తీసింది. అప్పుడు విశ్వేశ్వరం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. పర్మిషన్ తీసుకోవాలి."

"మీ ఆఫీసులో అందరూ కొంటున్నారు కదండీ. లక్ష్మీపతిగారింట్లో రెండు ఏసీలున్నాయి."

"ఆయన సర్క్యులర్ చదవలేదు. నేను చదివేశాను."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఎంత, ఓ పేజీ అర్జీ. వారంలో వచ్చేస్తుంది."

కొట్టతను ప్రభుత్వోద్యోగుల్ని చాలామందిని చూసినవాడు. పెట్టెని మళ్లీ పై అరలో పెట్టేశాడు.

మర్నాడు విశ్వేశ్వరం తన అర్జీని సూపరింటెండెంటు లక్ష్మీపతి బల్ల మీద పెట్టాడు. ఆ ఆఫీసులో కొత్త ఫైలు తెరిచి పదకొండు నెలలయింది. లక్ష్మీపతి ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పెట్టారా విశ్వేశ్వరంగారూ? నిజంగానే అర్జీ పెట్టారా?" అన్నాడు.

ఆ సంతోషంలోనే ఫైలుకి ఎర్ర తాడు కట్టి డిప్యూటీ డైరెక్టరు నాగభూషణంగారి గదికి తీసుకెళ్లాడు. నాగభూషణంగారు చదివి ఫైలు మూశారు.

"ఇది ఓవెన్ సమస్య కాదండి. విధానపరమైన సమస్య. ఇంటి వంటకు మధ్యస్థ ధర పిజ్జా ఓవెన్ అని రాశారు. మధ్యస్థం అన్నప్పుడు, దేనికీ దేనికీ మధ్య? ఇంటి వంట అన్నప్పుడు, ఏది ఇంటి వంట? వీటిని నిర్ధారించకుండా మనం ముందుకు పోతే రేపు రాష్ట్రమంతా మన వైపు వేలెత్తి చూపుతుంది."

రాష్ట్రంలో ఆ ఆఫీసు ఉన్నట్టు తెలిసినవాళ్లే పదిమంది లేరు. అయినా కమిటీ పడింది. నాగభూషణంగారు అధ్యక్షులు, లక్ష్మీపతి కన్వీనరు. అర్జీదారు కాబట్టి విశ్వేశ్వరం కమిటీలో ఉండరాదన్నారు. కానీ రూల్సు తెలిసింది అతనొక్కడికే. అందుకని కమిటీ తరఫున అభ్యంతరాలు రాసే పని అతనికే అప్పజెప్పారు. పొద్దున్న తన అర్జీ మీద తనే అభ్యంతరం రాసేవాడు. మధ్యాహ్నం దానికి తనే సంజాయిషీ రాసుకునేవాడు. కొన్ని అభ్యంతరాలు ఎంత పదునుగా వచ్చాయంటే, జవాబు చెప్పుకోలేక అతనే గడువు కోరాడు.

మధ్యస్థం తేల్చాలంటే ముందు అట్టడుగు ధరా, ఆకాశాన్నంటే ధరా తెలియాలి. అటెండరు అప్పన్న వాళ్ల ఊళ్లో మూడు ఇటుకల మీద రొట్టెలు కాలుస్తారట. ఇటుకలు గట్టు మీద ఊరికే దొరుకుతాయి. కాబట్టి అట్టడుగు ధర సున్నా అని రాసుకున్నారు. పై ధర కోసం లక్ష్మీపతి రేవుకెళ్లి, లంగరేసిన ఓ ఓడలో రెండొందల మందికి రొట్టెలు కాల్చే యంత్రం ధర కనుక్కొచ్చాడు. రెండిటికీ నడిమధ్యన నిలబడింది బేకరీల్లో వాడే ఇనప కొలిమి. దాన్ని ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి.

"సార్, అది మా ఇంటి గుమ్మంలోంచి పట్టదండి" అన్నాడు విశ్వేశ్వరం.

"అది గుమ్మం లోపం. ఓవెన్ లోపం కాదు" అన్నారు నాగభూషణంగారు. "అయినా మీ ఇల్లు ఎలా ఉంటుందో, అందులో జరిగేది ఇంటి వంటో కాదో మేము చూడలేదు. చూడకుండా మాట్లాడటం నాకలవాటు లేదు. సోమవారం క్షేత్ర పరిశీలనకు వస్తాం. టిఫిను కూడా వంటలో భాగమే గనుక ఎనిమిదింటికే వస్తాం."

వచ్చారు. కనకవల్లి ఓవెన్ కోసమని ఓపిగ్గా పెసరట్లు వేసింది. అల్లప్పచ్చడి చేసింది. నాగభూషణంగారు నాలుగు తిని, అయిదోది సగంలో ఉండగా అభిప్రాయం వెల్లడించారు.

"ఇది ఇంటి వంటేనని ప్రాథమికంగా అనిపిస్తోంది. కానీ ఒక్క పూట పరిశీలనతో నిర్ధారణకు రావడం తొందరపాటవుతుంది."

మధ్యాహ్నం పరిశీలించారు. మర్నాడు పరిశీలించారు. పప్పుచారు ఉన్న రోజుకీ పులుసు ఉన్న రోజుకీ తేడా ఉందని కనిపెట్టి, వారమంతా పరిశీలించారు. సీజన్ని బట్టి కూరలు మారతాయని లక్ష్మీపతి గుర్తు చేసేసరికి, మూడు కాలాలూ చూడాల్సిందేనని తీర్మానమైంది. ఇంటికీ ఆఫీసుకీ రోజూ తిరగడం కష్టంగా ఉందని ఫైళ్లు ఇక్కడికే తెప్పించారు. ఫైళ్ల వెనకే బల్లలొచ్చాయి. బల్లల వెనకే అప్పన్న వచ్చాడు. ఆఖరికి ఆగిపోయిన గోడగడియారం కూడా తెచ్చి హాల్లో తగిలించారు. గేటుకి శాఖ బోర్డు కట్టారు.

రెండో నెలలో సాంకేతిక సభ్యుడొచ్చాడు. పేరు వీర్రాజు, బాయిలర్లు తనిఖీ చేసే ఆఫీసరు. నాలుగు వందల డిగ్రీలన్న అంకె చూసి బాయిలర్ల శాఖ అతన్ని పంపించింది.

"పొగగొట్టం కావాలండి. నాలుగు ఇసక బకెట్లు, ఒక సైరను. పేలితే ఇరుగుపొరుగు పరిగెత్తడానికి దారి" అన్నాడు అతను, వంకాయ కూర కలుపుకుంటూ.

"రొట్టె పేలదు కదండీ" అంది కనకవల్లి.

"ఇంతవరకూ పేలలేదమ్మా. నా భయమూ అదే" అన్నాడు.

నాలుగో నెలకి ఇల్లు ఆ ఇంటివాళ్లే గుర్తు పట్టలేనట్టుగా తయారైంది. వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన బీరువా, బీరువా పక్కన ఇసక బకెట్లు. ఏ పూట ఏం వండాలో ముందురోజే రాసి పెట్టాలి. పోపులోకి ఇంగువ కావాలంటే విడిగా చీటీ రాయాలి. వంటింటి గుమ్మంలో అప్పన్న స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడో రోజు కనకవల్లిని, పాత అలవాటు కొద్దీ.

"నా వంటిల్లు కావాలి."

"సార్లు మీటింగులో ఉన్నారండి. కాసేపు కూర్చోండి."

సీతారత్నమ్మగారు తన మడిబట్టలూ కుంపటీ తీసుకుని పెరటి వరండాలోకి మారిపోయింది. ఆవిడ డాబా మీద ఎండబెట్టిన వడియాల్ని లక్ష్మీపతి లెక్కపెట్టి, వినియోగరహిత వస్తువుల రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేయించాడు.

"ఏవిరా, మీ శాఖ వడియాల్ని కూడా కాపాడుతుందా?" అని కొడుకుని అడిగింది.

"వేయించేదాకా అవి వినియోగంలో లేనట్టేనమ్మా" అన్నాడు విశ్వేశ్వరం. రూలు ప్రకారం అది నిజమే.

ఆవిడ నోరు తెరిచి చూపించింది. "నాకున్నవి నాలుగు పళ్లు. ఈ పక్కది కదుల్తోంది. ఇది ఊడేలోగా ఏదో ఒకటి తేల్చమను మీ వాళ్లని."

విశ్వేశ్వరం ఆ సంగతి కమిటీ దృష్టికి తెచ్చాడు. పంటి కదలికకు సంబంధించి దంతవైద్యుని ధ్రువపత్రం జతపరచలేదని కమిటీ అభ్యంతరం లేవదీసింది. ఆ అభ్యంతరం రాసింది కూడా అతనే. అలవాటు మీద చెయ్యి దానంతటదే రాసేసింది.

అయిదో నెలలో ఓ మధ్యాహ్నం విశ్వేశ్వరం మంచినీళ్లకని పెరట్లోకి వెళ్లాడు. తల్లి మంచం మీద కూర్చుని, కొట్లో ఇచ్చిన ఓవెన్ కాగితం చేత్తో పట్టుకుని ఉంది. దాని మీద బొమ్మలో పిజ్జా ఉంది. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. కొడుకుని చూసి సిగ్గుపడి, కాగితం తలగడ కిందకి తోసేసింది.

"కాగితం వాసనే వస్తోందిరా" అంది. అని, కొంగు ముడి విప్పి అరచేతిలో చిన్న పన్ను చూపించింది. "పొద్దున్నే ఊడింది. ఇక మూడు."

ఈ వయసులో తల్లి అడిగింది ఒక్క రొట్టె. దాని మీద తన చేత్తో తను నూట పన్నెండు పేజీలు రాశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి అతనికి సర్క్యులర్ మీద కోపమొచ్చింది. ఆ వెంటనే దాన్ని చదివిన తన మీద ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

ఆ మర్నాడే కమిటీ ఉత్తర్వు వచ్చింది. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి లక్ష్మీపతి నిలబడి చదివాడు.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, సీనియర్ అసిస్టెంటు శ్రీ ముక్కామల విశ్వేశ్వరం గారు ఇంటి వంట నిమిత్తము మధ్యస్థ ధర ఓవెన్ ఒకటి కొనుటకు అనుమతి మంజూరు చేయడమైనది. కమిటీ అయిదు మాసములుగా ఇచ్చట కొలువు తీరి ఉన్నందున సదరు గృహమును శాఖా కార్యాలయముగా ప్రకటించడమైనది. పాత భవనము ఇకపై కార్యాలయము కాదు. కార్యాలయ ఆవరణలో అగ్ని ప్రమాద నివారణ నిమిత్తము వంట పూర్తిగా నిషేధించడమైనది."

"అంటే?" అన్నాడు విశ్వేశ్వరం.

"అంటే మీరు ఓవెన్ కొనుక్కోవచ్చు. ఇక్కడ పెట్టుకోవచ్చు. వెలిగించకూడదు" అన్నారు నాగభూషణంగారు చిరునవ్వుతో. "అభినందనలు. మన శాఖ ఆశయానికి ఇంతకన్నా దగ్గరి ఓవెన్ ఉండదండి."

కొత్త వస్తువు పుట్టుకతోనే వినియోగరహితం కావడం శాఖ చరిత్రలో అదే మొదలు. వీర్రాజు చప్పట్లు కొట్టాడు. లక్ష్మీపతి శాలువా తెచ్చాడు.

కనకవల్లి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అయితే ఈ పూట మీ భోజనాలు?"

ఆ సంగతి ఉత్తర్వు రాసేటప్పుడు ఎవరికీ తట్టలేదు. నాగభూషణంగారు గొంతు సవరించుకుని, "నిషేధం అందరికీ వర్తిస్తుందమ్మా. మేము కూడా త్యాగం చేస్తాం" అన్నారు. మొహం మాత్రం వాడిపోయింది.

కనకవల్లి లక్ష్మీపతి చేతిలోంచి ఉత్తర్వు తీసుకుని, అక్కడే నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివింది. దానితో ఆ ఇంట్లో కాగితాలు చదివేవాళ్లు ఇద్దరయ్యారు. తర్వాత ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని, ఓ తెల్లకాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పావుగంటలో రాసి నాగభూషణంగారి ముందు పెట్టింది.

'అయ్యా, తమరి ఉత్తర్వు ప్రకారము మా గృహము కార్యాలయమైనందున, మా కుటుంబము ప్రభుత్వ కార్యాలయములో అక్రమముగా నివసించుచున్నది. ఈ అక్రమమును తొలగించుట తమరి బాధ్యత. పాత భవనము కార్యాలయము కాదని తమరే ప్రకటించినందున, అది వినియోగరహిత వస్తువైనది. దానిని సంరక్షించుటకు రాత్రింబవళ్లు అచ్చటనే ఉండగల ఒక కుటుంబము అవసరము. అందులకు మేము సిద్ధముగా ఉన్నాము.'

నాగభూషణంగారు చదువుతూ చదువుతూ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "చూశారా లక్ష్మీపతిగారూ, అర్జీ అంటే ఇలా ఉండాలి. ఇరవై ఆరేళ్ల నుంచి విశ్వేశ్వరంగారు రాస్తున్నారు, ఒక్కసారైనా ఈ బిగువు వచ్చిందా?" అని అక్కడికక్కడే సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేయించారు. కొనడానికేమీ లేని అర్జీ కావడంతో కమిటీ అక్కర్లేకపోయింది.

విశ్వేశ్వరం పెరట్లో భార్యని పట్టుకుని గుసగుసగా అడిగాడు. "మరి ఓవెన్? నా పేరు మీద ఇచ్చిన పర్మిషన్ ఈ ఇంటికే కదా. చోటు మారిస్తే మళ్లీ అర్జీ పెట్టాలి."

"సర్క్యులర్లో ఉద్యోగి అని ఉందా, ఉద్యోగి భార్య అని కూడా ఉందా?"

విశ్వేశ్వరానికి సర్క్యులర్ కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని మొదటి నుంచీ చివరిదాకా చదువుకున్నాడు. "ఉద్యోగి అనే ఉంది."

"ఫాల్స్ కుట్టి ఆ డబ్బు దాచిందెవరు?"

"నువ్వు."

"మరి ఇన్నాళ్లూ మనం ఎవరి పర్మిషన్ కోసం కూర్చున్నామండీ?"

ఈ అభ్యంతరానికి సంజాయిషీ రాయడం అతనివల్ల కాలేదు.

ఆ సాయంత్రమే లగేజీ ఆటోలో గిన్నెలూ మంచాలూ పాత భవనానికి చేరాయి. మర్నాడు పొద్దున్న కనకవల్లి మెయిన్ రోడ్డు కొట్టుకెళ్లి మధ్యరకం ఓవెన్ తెచ్చుకుంది. దాన్ని పెట్టడానికి డిప్యూటీ డైరెక్టరుగారి గది బాగా కుదిరింది. అక్కడ ఏసీ కోసం వేసిన పెద్ద ప్లగ్గు ఉంది. ఆయన బల్ల పిండి సాగదీయడానికి వీలైన ఎత్తులో ఉంది. పైగా చాలా నునుపుగా ఉంది, ఎప్పుడూ ఎవరూ దాని మీద ఏమీ రాయలేదేమో.

ఆ రోజు సాయంత్రం అయిదయ్యేసరికి విశ్వేశ్వరం ఇంట్లో డ్యూటీ దిగి, ఆఫీసుకెళ్లి, కాళ్లు కడుక్కున్నాడు. లోపల కనకవల్లి తడిబట్టతో తిరుగుతోంది. పొద్దున్న కలిపిన మైదాపిండి ఇడ్లీపిండిలా పొంగి సిద్ధంగా ఉంది. దాన్ని గుండ్రంగా సాగదీసి, వెల్లుల్లి లేని గోంగూర పచ్చడి పల్చగా పులిమి, టమాటా చక్రాలూ కాప్సికమ్ ముక్కలూ పరిచి, పైన చీజ్ తురిమింది.

విశ్వేశ్వరానికి ఒక్కటే బెంగ. ఇన్నేళ్లు ఎందరో తిరిగిన ప్రభుత్వ భవనం ఇది. తల్లి ఇక్కడ వండింది ముట్టుకుంటుందా?

సీతారత్నమ్మగారు చేతికర్రతో గదులన్నీ తిరిగింది. వరసగా పేర్చిన బల్లల్ని చూసింది. వాటి మీద వేలు పెట్టి, ధూళి ఎంత మందాన ఉందో చూసింది. ఎండిపోయిన సిరాబుడ్లు చూసింది. చూసి, వచ్చి పీట మీద కూర్చుంది.

"అమ్మా, ఇక్కడ మడి..." అని నసిగాడు విశ్వేశ్వరం.

"ఇరవై ఆరేళ్లుగా ఎవరూ ఏ పనీ ముట్టుకోని చోటురా ఇది. ఇంతకన్నా మడి ఇంకెక్కడుంటుంది?" అంది ఆవిడ. "వడ్డించమను."

ఆరు నిమిషాలు. కొట్టతను చెప్పినట్టే అడుగు కరకరలాడింది, పైన చీజ్ నురగలెత్తి అక్కడక్కడా ఎర్రబడింది. కనకవల్లి ఎనిమిది ముక్కలు కోసి, ఓ ముక్క అరిటాకులో అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ దాన్ని తినలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని పీల్చింది. చాలాసేపు పీల్చింది.

"ఇదేరా," అంది. "సామర్లకోట."

విశ్వేశ్వరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలు మాత్రం పక్కకి తిరిగి రెండో రొట్టె పిండి గబగబా సాగదీసింది.

అయితే ఆ వాసన సామర్లకోటతో ఆగలేదు. కిటికీలోంచి వీధిలోకి, వీధి మలుపు తిరిగి కొత్త ఆఫీసులోకి వెళ్లింది. అక్కడ కమిటీ నిన్నటి నుంచీ బన్నులూ అరటిపళ్లతో త్యాగం చేస్తోంది. పది నిమిషాల్లో నాగభూషణంగారు, లక్ష్మీపతి, వీర్రాజు ముగ్గురూ పాత భవనం మెట్లెక్కారు. నాగభూషణంగారు తన పాత గది దాకా వచ్చి ఆగిపోయారు. తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డుంది: 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు'. పన్నెండేళ్ల కిందట ఆ బోర్డు రాయించి పెట్టించింది ఆయనే.

కనకవల్లి తలుపు వారగా తెరిచింది. "ఏ పని మీద వచ్చారండీ?"

"పరిశీలన నిమిత్తం" అన్నారు నాగభూషణంగారు. ఇంతకాలం ఏ గుమ్మంలోనైనా ఆ మాటతో దారి దొరికేది.

"అర్జీ పెట్టుకోండి. ఎన్ని ముక్కలో, ఏ సైజో, ఎందుకో వివరంగా రాయండి."

లక్ష్మీపతి దగ్గర కాగితం ఎప్పుడూ ఉంటుంది. గోడకి ఆనించి ముగ్గురూ కలిసి రాశారు. 'కమిటీ సభ్యులకు తలా ఒక ముక్క ఇప్పించ ప్రార్థన. చిన్న ముక్క తినుట ఇంటివారి యెడల నిర్లక్ష్యమును, పెద్ద ముక్క తినుట మా యెడల అనుమానమును సూచించును గనుక, మధ్యస్థ పరిమాణము గలది ఇప్పించగలరు.'

ఆ కాగితాన్ని విశ్వేశ్వరం అలవాటు కొద్దీ రెండు చేతులతో అందుకుని లోపలికి తెచ్చాడు. సీతారత్నమ్మగారు రెండో ముక్క మీదుంది.

"అమ్మా, వీళ్ల అర్జీ మీద ఏం రాయమంటావు?"

ఆవిడ తాపీగా నములుతూ, చేత్తో కాస్త ఆగమని సైగ చేసింది. నోట్లోది మింగి, మూడో ముక్క వైపు చూసింది.

"పరిశీలనలో ఉందని రాయరా. నాకున్నవి మూడు పళ్లు. కాస్త ఆలస్యమవుతుంది."